బిరడా బిగించిన జాడీ

మనిషికి ప్రశాంతత దొరకాలంటే ముందు చుట్టూ మనుషులు ఉండకూడదు. ఈ మాట ఒకరోజు ఇంట్లో అంటే మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "అయితే ముందు ఎవరు వెళ్తారు?" అని అడిగింది. చూశారా, లోతైన మాటకు మా ఇంట్లో వచ్చే జవాబు ఇలా ఉంటుంది. గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన అని ఊరికే అన్నారా? ఈ సామెతను నేను ఆవిడ ముందు మాత్రం వాడను. మీరు స్నేహితులు కాబట్టి చెబుతున్నాను.

నాది బస్టాండులో మైకు ఉద్యోగమని మీకు తెలిసిందే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఎప్పుడు బయల్దేరుతుందో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్పేది నేనే. ఒకటికి రెండుసార్లు చెబుతాను, అక్షరం అక్షరం విడదీసి చెబుతాను. అంతా విని ఆ మేధావులు నా గాజుగది కిటికీ దగ్గరకొచ్చి, ఆ బస్సు ఎప్పుడండీ అని అడుగుతారు. ఇలాంటివాళ్ళ మధ్య బతికే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి ఒక గంట మౌనంగా కూర్చుని నాలుగు మంచి ఆలోచనలు చేసుకుందామనుకోవడం అత్యాశ కాదు కదా.

ఇంటికొస్తే ఏముంది? ముందు గదిలో మా ఆవిడ కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. చొక్కా తరవాత చొక్కా, ఆ మిషను టకటకమంటూనే ఉంటుంది. వంటింట్లో మా అత్తగారు. ఆవిడకు నేను పెట్టిన పేరు సాయంకాలం వార్తలు. వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా, ఎవరి కోడలు మూతి ముడిచినా, ముఖ్యాంశాలు ముందు, వివరాలు తరవాత, చివర్లో మళ్ళీ ముఖ్యాంశాలు. మూడో శాల్తీ మా బావమరిది. పాత మోటారు సైకిళ్ళు కొని, రంగు వేసి, కొత్తవని నమ్మే అమాయకులకు అమ్ముతాడు. వాడికి నేను పెట్టిన పేరు హారన్. ఎందుకో వాడు నోరు తెరిస్తే మీకే తెలుస్తుంది.

ముగ్గురూ మూడు దిక్కుల నుంచి చప్పుడు చేస్తుంటే ఇంటి పెద్దగా వాళ్ళను అదుపులో పెట్టాల్సిన బాధ్యత నా మీద పడేది. అందుకని రోజూ నడిమింట్లో నిలబడి, నిశ్శబ్దంగా ఉండడం ఎందుకు అవసరమో వివరించేవాణ్ణి. మైకు అలవాటున్న గొంతు కాబట్టి వివరణ కాస్త దూరం వెళ్ళేది. ఎదురింటి కుక్క లేచి కూర్చునేది. అయినా మా వాళ్ళలో మార్పు లేదు.

ఇలా ఉండగా ఒకరోజు సెలూన్లో కూర్చుని పత్రిక తిరగేస్తుంటే ఒక బొమ్మ కనబడింది. గడ్డి టోపీ పెట్టుకున్న ముసలాయన. చుట్టూ ద్రాక్షతీగలు. చేతిలో గ్లాసు, గ్లాసులో లేత బంగారు రంగు వైన్. కళ్ళు మూసుకుని ఉన్నాడు. ద్రాక్షతీగను పెంచేవాడికి తన లోపలి గొంతు వినబడుతుందని బొమ్మ కింద రాసి ఉంది. నా లోపలి గొంతు నేను విని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. బయటి గొంతే తీరికివ్వదు మరి. సెలూన్ ఆయన చూడకుండా ఆ కాగితం చింపి జేబులో పెట్టుకున్నాను.

మాకు ద్రాక్షతీగ ఉంది. ఇదివరకు ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు పెరటిగోడ మూల నాటి, ఇనుప పైపులతో పందిరి వేసి పోయారు. ఎవరూ పట్టించుకోకపోయినా ఏటా నాలుగు గుత్తులు కాసేది, అవి పిట్టలు తినేవి. పందిరి కింద నీడ, చల్లగా ఉంటుంది. సరిగ్గా ఆ చోట రేకుల షెడ్డు వేసి తన పాత బళ్ళు పెట్టుకోవాలని హారన్ ఎప్పటినుంచో చూస్తున్నాడు. స్వర్గానికి నిచ్చెన వేసిన చోట వాడికి పార్కింగు కనబడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. రేపట్నుంచి నేను ద్రాక్షపందిరి కింద కూర్చుంటాను, తీగను సాకుతాను, పళ్ళు కాస్తే వైట్ వైన్ చేస్తాను అని. అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. వైన్ అంటే తాగుడే కదా నాయనా, ఈ వయసులో ఎందుకొచ్చిన అలవాటు అన్నారు. తాగడం పామరుల పని అనీ, తయారుచేయడం జ్ఞానుల పని అనీ, నేను రెండోరకమనీ ఓపిగ్గా చెప్పాను.

"మరి ఎర్రది ఎందుకు కాదు?" అంది మా ఆవిడ.

"ఎర్రది గోల చేసేవాళ్ళది. తెల్లది ఆలోచించేవాళ్ళది."

"అందుకే అడుగుతున్నాను, మీకు తెల్లది ఎందుకు?"

నేను వినిపించుకోలేదు. హారన్ మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయినంత పని చేశాడు. షెడ్డు సంగతేమిటన్నాడు, రేకులు కూడా బేరం చేశానన్నాడు, అక్క వైపు చూశాడు. మా ఇంట్లో సుప్రీంకోర్టు ఆవిడే. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి తీర్పు చెప్పింది.

"ఈ కాపు వరకు చూద్దాం. ఆ తీగకు పళ్ళు కాసి, వాటితో మీరు ఒక్క సీసా వైన్ చేస్తే ఆ మూల మీది. కాయకపోతే తమ్ముడు షెడ్డు వేసుకుంటాడు, మీరు సాయంత్రాలు ఎప్పటిలాగే లోపల మాతో కూర్చుంటారు."

ఒప్పుకున్నాను. తీగ కాయదేమోనన్న అనుమానం అల్పులకు వస్తుంది. నాకెందుకు వస్తుంది?

బొమ్మలో తీగలన్నీ పొందికగా, క్షవరం చేసినట్టు ఉన్నాయి. అందుకని ఆదివారం పొద్దున్నే మా ఆవిడ బట్టల కత్తెర తీసుకుని పందిరెక్కాను. ఆ కత్తెరతో కాగితం కత్తిరిస్తేనే ఆవిడ భోజనం మానేస్తుంది. ఆవిడ స్నానానికి వెళ్ళిన సమయం చూసి మొదలుపెట్టాను. ఎండిపోయినట్టు కనబడ్డ ప్రతి కొమ్మా కత్తిరించాను. ఆవిడ తల తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి పందిరి మీద మోడు ఒకటి, నేను ఒకణ్ణి మిగిలాం.

ముందు కత్తెర వైపు చూసింది, తరవాత తీగ వైపు. నిరుటి కొమ్మల మీద వచ్చే చిగుళ్ళకే పళ్ళు కాస్తాయట, ఒక్కో కొమ్మకు రెండు మూడు కణుపులు వదిలి కత్తిరించాలట, ఇదివరకు అద్దెకున్నావిడ చెప్పేదట. నేను నవ్వాను. గుడ్డ కత్తిరించడం వేరు, తీగ కత్తిరించడం వేరు అన్నాను.

"గుడ్డయినా మడతకు కాస్త వదులుతామండీ," అని కత్తెర లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నుంచి నా తపస్సు మొదలైంది. ఇంటికి రాగానే కుర్చీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి మోడు కింద కూర్చునేవాణ్ణి. ఎన్ని ఆలోచనలొచ్చాయో చెప్పలేను. మా డిపో మేనేజరు ఎంత తెలివితక్కువవాడో ఎప్పుడూ అనుకునేదే గాని, అన్ని కోణాల నుంచీ పరిశీలించే తీరిక అప్పుడే దొరికింది. ప్రయాణికుల బుద్ధి గురించి, బావమరుదుల వల్ల సమాజానికి జరిగే నష్టం గురించి చాలా లోతుకు వెళ్ళాను. ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. ఆలోచనలు లోపలే ఉంచుకుంటే ముద్దగా ఉంటాయి, పైకి అంటే స్పష్టంగా వస్తాయి. అందుకని పైకే అనేవాణ్ణి. తీగ వినేది. ఇన్నాళ్ళకు అడ్డం రాకుండా వినేవాళ్ళు దొరికారు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఇంట్లోవాళ్ళలో మెల్లగా మార్పు వచ్చింది. మొదట్లో టీ కావాలంటే నేనే లోపలికి వెళ్ళి అడగాల్సి వచ్చేది. ఇప్పుడు కుర్చీలో కూర్చునేలోపే టీ వచ్చేది. ఒకరోజు కుర్చీలో కొత్త దిండు ఉంది, మా ఆవిడ కుట్టింది. హారన్ తనంతట తానే పందిరికి బల్బు బిగించాడు, చీకటి పడిందని లోపలికి రావక్కర్లేదు బావా అన్నాడు. చినుకులు పడితే అత్తగారు గొడుగు పంపించారు. ఎంత మొద్దులకైనా మహనీయత కొన్నాళ్ళకు అర్థమవుతుందని అనుకున్నాను.

తీగ చిగిర్చింది. ఆకులు గుబురుగా వచ్చాయి, పందిరి నిండిపోయింది. పళ్ళు మాత్రం లేవు. పళ్ళ సంగతి దేవుడెరుగు, పూత కూడా లేదు. బజారులో ద్రాక్ష రాశులు పోసి అమ్ముతున్నారు, మా పందిరి మీద ఆకులు గలగలమంటున్నాయి. రోజూ ఒక్కో ఆకూ ఎత్తి కిందికి చూసేవాణ్ణి. పైకి ధీమాగా ఉన్నాను గాని, లోపల దిగులు పట్టుకుంది. ఈ మూల పోతే మళ్ళీ ఆ మిషను చప్పుడు, ఆ వార్తలు, ఆ హారన్. ఇంత జ్ఞానం సంపాదించి మళ్ళీ వాళ్ళ మధ్య కూర్చోవాలి. ఆ ఊహకే నాకు అన్నం సహించలేదు.

చిత్రమేమిటంటే నా కంటే మా ఆవిడ ఎక్కువ దిగులుపడింది. రోజూ కాసిందా అని అడిగేది. లేదంటే మొహం వాడిపోయేది. ఒక సాయంత్రం మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే ముగ్గురూ గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి గప్‌చుప్‌గా మూడు పక్కలకు తిరిగారు. షెడ్డుకు ముహూర్తం పెడుతున్నారనుకున్నాను. వాడి రేకులు తుప్పుపట్టిపోనూ అని మనసులో దీవించాను.

మర్నాడు డ్యూటీ దిగి ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళానా, నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. పందిరి నిండా గుత్తులు. లేత ఆకుపచ్చ రంగులో, నిండుగా, పండి, కడిగినట్టు మెరుస్తున్నాయి. అన్నీ చేతికందే ఎత్తులోనే ఉన్నాయి. ఒక గుత్తి ఏకంగా ఇనుప పైపుకే కాసింది. ప్రకృతి ఇవ్వదలుచుకుంటే కొమ్మా రెమ్మా అని చూడదు కదా.

"నిన్న పూత కూడా లేదు కదండీ," అంది మా ఆవిడ వెనక నుంచి. గొంతు ఎందుకో వణుకుతోంది. ఆనందమనుకున్నాను.

"గొప్ప పనులన్నీ ఎవరూ చూడనప్పుడే జరుగుతాయి," అన్నాను. "ఆ తీగకు రోజూ నా ఆలోచనలు వినిపించాను. ఊరికే పోతాయా?"

పోవండీ అంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇంత విజయాన్ని దాచుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు. మర్నాడు బస్టాండు మైకులో మా ద్రాక్షతీగ గురించి, మౌనం మహిమ గురించి నాలుగు మాటలు చెప్పాను. నాలుగు కాస్తా కొంచెం పెరిగాయి. ఆ కాసేపట్లో ఒక బస్సు ప్రకటన లేకుండానే బయల్దేరింది. మేనేజరు పిలిపించి చివాట్లు పెట్టాడు. అంతకంటే ఘోరం, ఆ బస్సు ఎక్కాల్సినవాళ్ళందరూ ఎక్కేశారట, ఒక్కరు కూడా మిగల్లేదట. దీన్నిబట్టి మైకు అవసరమే లేదని పార్సెల్ సెక్షన్‌లో కొందరు కుళ్ళుబోతులు అనుకున్నారు. వాళ్ళ గురించి పందిరి కింద విడిగా ఆలోచించాను.

ఆదివారం పళ్ళు కోశాను. తొడిమల దగ్గర ఆకుపచ్చ పోగులేవో చుట్టుకుని ఉన్నాయి. ద్రాక్షతీగ పట్టు కోసం నులిపోగులు వేస్తుందని నాకు తెలుసు కాబట్టి పట్టించుకోలేదు. చదువుకున్నవాడికి ఇదే సుఖం, ప్రతిదానికీ కారణం తెలిసిపోతుంది. మా ఆవిడ మాత్రం ఆ రోజుల్లో ఆకుపచ్చ దారం అయిపోయిందని, పిల్లల స్కర్టులు ఆగిపోయాయని సణుగుతోంది. ఒకరికి కళాసృష్టి, ఒకరికి దారపుండ, ఎవరి లోకం వాళ్ళది.

పళ్ళు బట్టలు నానబెట్టే తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కాను. పద్ధతి అదే. అత్తగారు అది చూసి, ఆ వైన్ ఇక నేను వాసన కూడా చూడను అన్నారు. ఎవరిమ్మన్నారు? తొక్కిన వెంటనే రసం గుడ్డలో వడకట్టాను. తోలు, గింజ కలవకుండా ఒక్క రసాన్నే పులియబెడితే అది వైట్ వైన్. ఈ మాట ఇంట్లో ముగ్గురికీ విడివిడిగా, తరవాత కలిపి చెప్పాను. బేకరీ ఆయన దగ్గర ఈస్టు తెచ్చి కలిపి, రసమంతా పెద్ద గాజుజాడీలో పోశాను. బిరడాకు చిల్లుపెట్టి ఒక సన్నగొట్టం దించాను. గొట్టం రెండో కొస నీళ్ళ గ్లాసులో ఉంటుంది. పులిసేటప్పుడు పుట్టే గాలి అందులోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఈ మాట కూడా ముగ్గురికీ చెప్పాను. దయచేసి ఇది గుర్తుంచుకోండి, తరవాత మా వాళ్ళు నాకే గుర్తుచేశారు.

జాడీకి చల్లటి చోటు కావాలి. ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు మిషను గదిలో, బట్టలు కత్తిరించే బల్ల కింద. అక్కడ పెట్టాను. పులిసే వైన్‌కు మౌనం కావాలి కాబట్టి సాయంత్రాలు మిషను ఆపాలన్నాను. జాడీకి తోడుగా అనుభవజ్ఞుడెవరైనా ఉండాలి కాబట్టి కుర్చీ కూడా పెరట్లోంచి తెచ్చి బల్ల పక్కన వేసుకున్నాను.

ఆ సాయంత్రం ముగ్గురి మొహాలూ చూడాల్సింది. ఇంట్లో దొంగ పడ్డట్టున్నాయి. జాడీ దానంతట అదే పులుస్తుంది కదండీ, మీరు హాయిగా పెరట్లో కూర్చోండి అని మా ఆవిడ బతిమాలింది. బల్బు మార్చి ఇంకా పెద్దది వేస్తానని హారన్ ఆశపెట్టాడు. అక్కడ తీగ ఒంటరిగా ఉంది నాయనా అన్నారు అత్తగారు. నేను కదల్లేదు. జాడీకి వైన్ చరిత్ర మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.

అయితే ఆ జాడీ తీగలాంటిది కాదు. నేనొక వాక్యం ఎత్తుకుని సగంలో ఉండగా బుడుక్ అనేది. ఆగి, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ బుడుక్. ఎంత గంభీరమైన మాటన్నా దానికి అదే జవాబు. అచ్చం మా ఆవిడే. కొన్నాళ్ళు భరించాను. ఇక ఒళ్ళు మండి గొట్టం పీకేశాను. చిల్లులేని బిరడా తెచ్చి సుత్తితో దిగ్గొట్టి, పైన ఇనుప తీగ చుట్టి, జాడీ మీద పాత బొంత కప్పాను. అప్పుడు నోరు మూసుకుంది.

హారన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "బావా, సైలెన్సర్ మూసేస్తే బండి ఏమవుతుందో తెలుసా?" అన్నాడు. సైలెన్సరంటేనే నిశ్శబ్దం చేసేది, దాన్ని మూస్తే ఇంకా నిశ్శబ్దం అవుతుందన్నాను. వాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. వాడికి జవాబు లేకుండా చేయడం అదే మొదటిసారి.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం మిషను గదిలో ఎటు చూసినా తెల్లచొక్కాలే. సోమవారం పొద్దున్నే బడికి అప్పగించాల్సినవి ఇస్త్రీ చేసి గోడ పొడుగునా తగిలించింది మా ఆవిడ. మంచి వేదికలా ఉంది. ముగ్గుర్నీ పిలిచి వరసగా నిలబెట్టాను. ఈ ఇంట్లో మౌనమంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఇద్దరే, ఒకణ్ణి నేను, రెండోది ఈ జాడీ అన్నాను. నిన్నటిదాకా వాగినది ఈ రోజు ఎంత గంభీరంగా ఉందో చూడండి అని బొంత మీద చెయ్యి వేశాను.

"వినండి. ఏమైనా వినబడుతోందా? నిండుకుండ తొణకదని దీన్ని చూసే అన్నారు."

చెయ్యి తీసి రెండడుగులు వెనక్కి వేశాను. ఆ తరవాత వినబడింది.

ఎదురింటి కుక్క తరవాత ఎప్పుడో మంచం కిందనుంచి బయటికి వచ్చిందట. గాజు ముక్కలన్నీ బొంతలో ఆగిపోయాయి గాని రసం ఆగలేదు. కప్పు దాకా లేచి, గోడల మీదుగా దిగి, అన్ని చొక్కాల మీదా న్యాయంగా పడింది. అత్తగారు మొహం తుడుచుకుని, "తొణకలేదు నాయనా, పగిలింది," అన్నారు.

మా ఆవిడ ఒక చొక్కా తీసి వాసన చూసింది. మర్నాడు బడిపిల్లలందరూ ప్రార్థనకు సారా వాసనతో వరసగా నిలబడే దృశ్యం ఆవిడ కళ్ళముందు కదిలినట్టుంది. తిడితే బాగుండేది. తొట్టిలో నీళ్ళు పట్టింది, నలుగురం కూర్చుని చొక్కాలన్నీ ఉతికాం. ఆరేయడానికి చోటు చాలక ద్రాక్షపందిరి మీద తాళ్ళు కట్టాల్సి వచ్చింది. ఆ తాళ్ళు కట్టే పని నాకు అప్పగించారు.

తాడు కడదామని స్టూలెక్కి కొమ్మ పట్టుకుంటే చేతికి ఏదో తగిలింది. ఆకుపచ్చ పోగు. నులిపోగులకు ముడులు ఉండవు. దీనికి ముడి ఉంది, అది కూడా మా ఆవిడ గుండీ కుట్టాక వేసే ముడి. పక్క కొమ్మ చూశాను, ముడి. దాని పక్కది చూశాను, ముడి. ఇనుప పైపు చూశాను. దానికీ ఉంది.

స్టూలు దిగాను. ముగ్గురూ తడి చొక్కాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఈ పళ్ళు ఎక్కడివి?" అన్నాను.

"బజారువి," అంది మా ఆవిడ. ఇంక దాచి లాభం లేదనుకుంది కాబోలు. "మీరు కత్తిరించిన రోజే తెలుసు, ఈ ఏడు కాయదని."

బుట్ట తెచ్చింది నేనే బావా అన్నాడు హారన్. పైపుది నేను కట్టాను నాయనా, కళ్ళద్దాలు పెట్టుకోలేదు అన్నారు అత్తగారు.

నాకు ఒక్కసారిగా మనసు కరిగిపోయింది. నా మూల పోతుందని, నేను బాధపడతానని ఎంత ఆలోచించారు పాపం. షెడ్డు వదులుకుని మరీ వాడు పళ్ళు తెచ్చాడు. ఆ మాటే అని, నేను మిమ్మల్ని తక్కువగా అంచనా వేశాను అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి మా ఆవిడే చెప్పింది.

"మీరు పెరట్లో కూర్చున్న మొదటి సాయంత్రం ఇంట్లో టిక్కు టిక్కుమని ఏదో చప్పుడు వినబడింది. అమ్మ భయపడింది. వెతికితే అది మన గోడగడియారం. అది చప్పుడు చేస్తుందని ఈ ఇంటికొచ్చాక మాకెవరికీ తెలీదండీ. ఆ రోజు నేను మిషను ఆపేసి ఊరికే కూర్చున్నాను. నేను ఊరికే కూర్చుని ఎన్నేళ్ళయిందో. తీగ కాయకపోతే మీరు మళ్ళీ లోపలికొచ్చేస్తారు. నా పందెం నేనే వేసుకుని నేనే ఓడిపోతాననిపించింది. అందుకని కట్టాం."

"నేను అంత గోల చేస్తానా?" అన్నాను.

ఎవరూ జవాబు చెప్పలేదు. హారన్ కూడా. చొక్కాల నుంచి నీటిచుక్కలు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇన్నాళ్ళూ నేను వెతుక్కుంటున్న నిశ్శబ్దం అదే. అంత చేదుగా ఉంటుందని ఆ పత్రికలో రాయలేదు.

మా ఆవిడకు జాలేసినట్టుంది. నా చేతిలోని తాడు తీసుకుని తనే కట్టింది. "జాడీకి గొట్టం ఎందుకు పెడతారో మీరే చెప్పారు కదా," అంది.

"లోపల పుట్టిన గాలి బయటికి పోవడానికి."

"ఈ ఇంటికి పెరడు అంతేనండీ. మూసేసుకుంటే మనకే నష్టం."

మిగతా చొక్కాలు ఆరేసి లోపలికి వచ్చేశాను. పౌరుషం మాత్రం మిగిలింది. మర్నాడు సాయంత్రం పెరట్లోకి వెళ్ళలేదు. నడిమింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఈ ఇంట్లో గోల చేసేది ఎవరో ఇవాళ తేలిపోతుందనుకున్నాను. మా ఆవిడ కాజాలు కుడుతోంది, చేతితో. అత్తగారు వార్తలు చదవడం లేదు, చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నారు. హారన్ ఏదో బోల్టు తుడుచుకుంటున్నాడు. గోడ మీద గడియారం టిక్కు టిక్కుమంటోంది. నిజమే, వినబడుతోంది. మొదట బాగానే ఉంది. కాసేపటికి ఆ టిక్కు నా చెవి పక్కనే కొడుతున్నట్టనిపించింది. ఇంకాసేపటికి నా మీద కక్షగట్టి కొడుతున్నట్టనిపించింది. ఎంతో ఓర్చుకున్నాను.

"అసలు ఈ గడియారం ఇంత గోల చేస్తుంటే ఇంట్లో మనుషులు ఎలా ఆలోచించుకుంటారు?" అన్నాను.

మైకు గొంతుతోనే వచ్చింది. ఎదురింటి కుక్క మొరిగింది. ముగ్గురూ ఒక్కసారి లేచారు. అత్తగారు పెరటి తలుపు తీశారు. హారన్ నేను లేవకముందే కుర్చీ పట్టుకున్నాడు. మా ఆవిడ దిండు ఇచ్చింది.

వెళ్ళాను.

ఆ తరవాతి కత్తిరింపు మా ఆవిడే చేసింది, కణుపులు వదిలి, మడతకు వదిలినట్టు. ఇప్పుడు పూత వచ్చింది, నిజం పూత, దారాలు లేకుండా. ఈసారి వైన్ అవుతుందనే అనుకుంటున్నాను. ఆ పూతను చూస్తూ కూర్చుంటే అప్పుడప్పుడు ఏమీ అనబుద్ధి కావడం లేదు, అదేమిటో నాకు అర్థం కాలేదు. మీరెవరైనా ఎప్పుడన్నా సాయంత్రం పూట అటు వస్తే నేను పందిరి కిందే ఉంటాను. సందులోంచి పెరటి గేటు దగ్గరకు రండి. వీధి తలుపు మాత్రం కొట్టకండి. లోపల వాళ్ళు ప్రశాంతంగా ఉన్నారు.